స్లో రిలీజ్ ఎనర్జీ పౌడర్లు: లాంగ్ రన్‌కు సరే, రేసుకు చాలవు

మారథాన్, ట్రయథ్లాన్, బ్రెవే (గడువులోగా పూర్తిచేసే దూరపు సైకిల్ ప్రయాణం) చేసేవాళ్ళకు అమ్మే డబ్బాల మీద "స్లో రిలీజ్", "సస్టెయిన్డ్ ఎనర్జీ" అన్న ముద్ర ఇప్పుడు మామూలైపోయింది. లోపలి సరుకు మాత్రం ఒకటి కాదు. ఒక డబ్బాలో తేమ, వేడి తగిలించి మార్చిన మొక్కజొన్న పిండి ఉంటుంది. ఇంకోదాంట్లో బీట్ దుంప చక్కెర నుంచి తయారైన వేరే చక్కెర. మరోదాంట్లో పాల ప్రోటీన్. ఒక్కోటి ఒంట్లో ఒక్కోలా నడుస్తుంది. కొనే ముందు ఆ తేడా తెలియకపోతే డబ్బుతో పాటు నెలల ప్రాక్టీసూ పోతుంది.

ముందే తేల్చి చెప్పేస్తాం. పరుగుకు ముందు తాగడానికి, మాట్లాడుకుంటూ పరిగెత్తగలిగే పేసులో సాగే లాంగ్ రన్‌కు, పొద్దంతా తొక్కే సైకిల్ ప్రయాణానికి స్లో కార్బ్‌లు, అంటే నెమ్మదిగా అరిగే పిండి, చక్కెరలు బాగుంటాయి. రేసులో గట్టిగా పరిగెత్తేటప్పుడు వీటి మీదే ఆధారపడితే శక్తి చాలదు, కడుపూ మొరాయిస్తుంది. పరుగయ్యాక కోలుకోవడానికి స్లో కార్బ్‌తో ప్రత్యేకమైన లాభం లేదు. నెమ్మదిగా అరిగే ప్రోటీన్‌కు మాత్రం రాత్రి పడుకోబోయే ముందు ఒక చోటుంది.

ఎందుకో చూద్దాం. ఒంట్లో కార్బ్ నిలవ గ్లైకోజెన్ రూపంలో ఉంటుంది. కాలేయంలో 80 నుంచి 100 గ్రాములు, కండరాల్లో 400 నుంచి 500 గ్రాములు. 65 కిలోల మనిషి మారథాన్ పూర్తిచేయడానికి సుమారు 2700 కేలరీలు ఖర్చవుతాయి. నాలుగున్నర గంటల్లో పూర్తిచేస్తే గంటకు 600. అందులో సగం కార్బ్ నుంచి వచ్చినా గంటకు 75 గ్రాములు కావాలి. కాళ్ళ కండరాలకు అందేది ఆ నిలవలో ఒక భాగమే కాబట్టి అది ఒక్కటీ చివరిదాకా రాకపోవచ్చు, దారిలో తీసుకోవాల్సిందే.

పేగు గోడల మీద గ్లూకోజ్‌ను లోపలికి చేరవేసే దారికి ఒక హద్దుంది. గంటకు దాదాపు 60 గ్రాములు. ఫ్రక్టోజ్‌కు వేరే దారి ఉంది కాబట్టి రెండూ కలిపిన జెల్స్‌తో (పరుగులో పీల్చుకునే చిన్న ప్యాకెట్లలోని చిక్కటి తీపి) 90 గ్రాముల దాకా వెళ్ళొచ్చు. చాలా రేసు జెల్స్ ఈ లెక్క మీదే తయారవుతాయి. స్లో కార్బ్ ఏ దారిలో వచ్చినా, ఆ హద్దు కంటే నిదానంగా వస్తుంది. రేసుకు చాలదనడానికి కారణం ఇదే, ఏ బ్రాండ్ అయినా సరే.

మరి లాభం ఎక్కడ? స్టార్ట్ లైను దగ్గర. పరుగుకు ముప్పావు గంట ముందు గ్లూకోజ్ నీళ్ళో, మాల్టోడెక్స్‌ట్రిన్ (తొందరగా అరిగేలా విడగొట్టిన పిండి) జెల్లో తీసుకుంటే ఇన్సులిన్ పైకి లేస్తుంది. సరిగ్గా అప్పుడే పరుగు మొదలై కండరాలు కూడా రక్తంలోని గ్లూకోజ్‌ను లాక్కుంటాయి. రెండూ కలిసి కొందరికి మొదటి పావుగంట, ఇరవై నిమిషాల్లో షుగర్ పడిపోతుంది. తల తేలికైనట్టు, కాళ్ళు బరువెక్కినట్టు ఉంటుంది. అందరికీ జరగదు. జరిగేవాళ్ళకు స్లో కార్బ్ నిజమైన పరిష్కారం, ఎందుకంటే దానితో ఇన్సులిన్ అంతగా లేవదు.

యూకాన్: పిండి పౌడర్

ఈ రకంలో అందరికీ తెలిసిన పేరు అమెరికా కంపెనీ యూకాన్. అక్కడ ఉండే మన రన్నర్లకు ఇది సులువుగా దొరుకుతుంది. ఇక్కడివాళ్ళు ఎవరైనా తెస్తే తెప్పించుకోవాలి, లేదా దిగుమతి ధర పెట్టాలి. ఇందులోని పిండిని మొదట సూపర్‌స్టార్చ్ అనేవారు, ఇప్పుడు లివ్‌స్టెడీ అంటున్నారు.

దీని పుట్టుక క్రీడల్లో కాదు, పిల్లల వైద్యంలో. గ్లైకోజెన్ స్టోరేజ్ డిసీజ్ అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్న పిల్లల్లో కాలేయం తన నిలవను గ్లూకోజ్‌గా మార్చి రక్తంలోకి వదల్లేదు. తిండి మధ్య కొన్ని గంటలు గడిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. 1980ల నుంచి ఆ పిల్లలకు పచ్చి కార్న్‌ఫ్లోర్‌ను చల్లటి నీళ్ళలో కలిపి, అర్ధరాత్రి కూడా లేపి, కొన్ని గంటలకోసారి పట్టించడం వైద్యమైంది. రాత్రి నిద్ర చెడకుండా ఇంకా ఎక్కువసేపు నిలిచే పిండి కావాలని వ్యాక్సీ రకం మొక్కజొన్న పిండికి తేమ, వేడి తగిలించి మార్చారు. వైద్యంలో అది గ్లైకోసేడ్ పేరుతో వాడుకలో ఉంది. అదే ఆలోచన ఆటగాళ్ళ డబ్బాలోకి వచ్చింది.

ఈ చరిత్ర తెలిస్తే వాడే పద్ధతి దానంతటదే అర్థమవుతుంది. పచ్చి పిండి రేణువు గట్టిగా, మూసుకుపోయి ఉంటుంది కాబట్టే ఎంజైములు దాన్ని పైనుంచి కొద్దికొద్దిగా కొరుక్కుంటూ పోతాయి. వేడినీళ్ళు తగిలితే ఆ రేణువు ఉబ్బి పగిలి జావ అవుతుంది. జావ అయిన పిండి అన్నంలాగే తొందరగా అరుగుతుంది. కాబట్టి కాఫీలో, వేడి పాలలో, వేడి ఓట్స్‌లో దీన్ని కలపకూడదు. కలిపితే పెట్టిన ఎక్కువ ధర అక్కడే వృథా.

కలపడంలోనూ ఒక పద్ధతుంది. వెడల్పు మూతి షేకర్‌లో ముందు 300 మిల్లీలీటర్ల చల్లటి నీళ్ళు, తర్వాత 30 గ్రాముల పౌడర్. వరస తిప్పితే అడుగున పిండి ముద్దకట్టి మూలల్లో అతుక్కుంటుంది. అర నిమిషం గట్టిగా ఊపి, రెండు నిమిషాలు వదిలేసి, తాగే ముందు మళ్ళీ ఊపాలి. ఇది చక్కెరలా కరగదు, నీళ్ళలో తేలుతూ ఉంటుంది, పక్కన పెట్టగానే అడుక్కి దిగుతుంది. గ్లాసు ఖాళీ అయ్యాక అడుగున తెల్లటి పొర కనిపిస్తే తీసుకోవాల్సినదాంట్లో ఒక భాగం అక్కడే ఉన్నట్టు. ఇంకో 50 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి తిప్పి అదీ తాగేయాలి. బెల్టుకు పెట్టుకునే మెత్తటి ఫ్లాస్కుల్లో దీన్ని పోయకపోవడం మంచిది. కొరికి పీల్చే వాల్వు సన్నటి చీలిక దగ్గర పిండి పేరుకుని పదో కిలోమీటరుకు మూసుకుపోతుంది. స్కూప్‌ను నమ్మకండి, వంటింటి తక్కెడలో ఒకసారి తూచి ఎంత వస్తుందో చూసుకోండి. నొక్కి నింపితే ఒకలా, వదులుగా నింపితే ఇంకోలా వస్తుంది.

రుచి సంగతికొస్తే, ఫ్లేవర్ లేనిది సుద్ద నీళ్ళలా ఉంటుంది. నాలుక మీద పొడి పొడిగా ఒక పూత మిగులుతుంది. తీపి లేకపోవడం కొందరికి వరం. ఐదారు జెల్స్ తిన్నాక ఏడో జెల్ చూస్తేనే వికారం వచ్చేవాళ్ళు ఇది హాయిగా తాగుతారు. ఇదే పిండితో ఎడ్జ్ అనే జెల్ కూడా ఉంది. ఒక ప్యాకెట్‌లో 20 గ్రాముల లోపే కార్బ్ ఉంటుంది, పరిమాణం మాత్రం మామూలు జెల్ కంటే పెద్దది. జేబులో చోటు లెక్కేసుకునేవాళ్ళు ఈ సంగతి చూసుకోవాలి.

పరిశోధనలు ఏం చెప్పాయంటే: 2011లో అచ్చయిన ఒక అధ్యయనంలో శిక్షణ ఉన్న సైక్లిస్టులకు రెండున్నర గంటల రైడ్‌కు ముందు కిలో బరువుకు 1 గ్రాము లెక్కన ఈ పిండి ఇచ్చి, మాల్టోడెక్స్‌ట్రిన్‌తో పోల్చారు. ఇన్సులిన్ తక్కువ లేచింది, కొవ్వు ఎక్కువ కరిగింది. ఆఖర్న ఒంట్లో శక్తి అయిపోయేదాకా తొక్కించినప్పుడు రెంటికీ తేడా రాలేదు. 2016లో వచ్చిన ఇంకో అధ్యయనంలో రైడ్‌కు ముందూ, మధ్యలోనూ కూడా ఇచ్చారు. కొవ్వు ఎక్కువ ఖర్చయింది, పెర్ఫార్మెన్స్ మారలేదు, కడుపు ఇబ్బంది మాత్రం పెరిగింది. మధ్యలో పదేపదే పోస్తే నెమ్మదిగా అరిగే పిండి పేగులో పోగుపడుతుంది. రక్తం అప్పటికే కండరాలకు మళ్ళి ఉంటుంది కాబట్టి పేగు దాన్ని సంబాళించలేదు. కంపెనీ ప్రకటనల్లో "కొవ్వును ఇంధనంగా వాడుతుంది" అన్న మాట అబద్ధం కాదు. దాని నుంచి "వేగం పెరుగుతుంది" అనిగానీ, "బరువు తగ్గుతుంది" అనిగానీ అర్థం తీసుకుంటేనే తప్పు.

2014 బోస్టన్ మారథాన్ 2 గంటల 8 నిమిషాల 37 సెకన్లలో గెలిచిన మెబ్ కెఫ్లెజిఘి ఈ బ్రాండ్ వాడినవాడే, దానికి ప్రచారమూ చేశాడు. ఆ గెలుపు వెనక ఇరవై ఏళ్ళ శిక్షణ ఉంది. దాన్ని పౌడర్‌కు సాక్ష్యంగా చూపించడం సరికాదు.

ఐసోమాల్టులోజ్: మన వాతావరణానికి నచ్చే పౌడర్

మాకు ఎక్కువగా నచ్చినది ఇదే. పాలటినోస్ అనే పేరుతో జర్మనీలోని సూడ్‌జుకర్ గ్రూపుకు చెందిన బెనియో తయారుచేస్తుంది. చాలా బ్రాండ్లు దీన్నే కొని తమ మిశ్రమాల్లో కలుపుతాయి, కాబట్టి డబ్బా వెనక పదార్థాల జాబితాలో వెతకాలి. బీట్ చక్కెరలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ జతకట్టి ఉండే బంధాన్ని ఎంజైముతో మార్చి ఇంకో చోట అతికిస్తారు. తేనెలో సహజంగానే కొద్దిగా ఉంటుంది. ఆ కొత్త బంధాన్ని తెంచడానికి పేగుకు ఎక్కువ సమయం పడుతుంది. అందుకే దీని గ్లైసెమిక్ ఇండెక్స్ (రక్తంలో షుగర్‌ను ఎంతగా పెంచుతుందో చెప్పే అంకె) 32 మాత్రమే. కేలరీలు మాత్రం మామూలు చక్కెరకున్నన్నే, గ్రాముకు 4. పూర్తిగా అరిగిపోతుంది, తీపి చక్కెరలో సగం.

మన దగ్గర దీని మంచి గుణం ఇంకొకటి కనబడుతుంది. ఇది గాలిలోని తేమను పెద్దగా పీల్చదు. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో మాల్టోడెక్స్‌ట్రిన్ డబ్బా మూత రెండుసార్లు తీస్తే లోపల రాయిలా గడ్డకడుతుంది. ఐసోమాల్టులోజ్ చివరి స్పూను దాకా ఇసుకలా జారుతూనే ఉంటుంది. నిమ్మరసం పులుపుకు కూడా ఈ బంధం తేలిగ్గా తెగదు, కాబట్టి రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. నోటిలోని బ్యాక్టీరియా దీన్ని పులియబెట్టలేవు. గంటల తరబడి తీపి నీళ్ళు గుటకలేసి పళ్ళు పాడుచేసుకునే సైక్లిస్టులకు ఇది చిన్న లాభమేమీ కాదు.

ఒక బాటిల్‌కు కొలత ఇదీ: 500 మిల్లీలీటర్ల నీళ్ళకు 30 గ్రాముల ఐసోమాల్టులోజ్, 1 గ్రాము ఉప్పు, సగం నిమ్మకాయ రసం. ఒక గ్రాము ఉప్పులో దాదాపు 390 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. చెమట ఎక్కువ పట్టి బనియన్ మీద తెల్లటి చారలు కట్టేవాళ్ళు ఉప్పును ఒకటిన్నర గ్రాముకు పెంచుకోవచ్చు. చల్లటి నీళ్ళలో ఇది చక్కెరంత తొందరగా కరగదు. ముందు 100 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్ళలో కరిగించి, తర్వాత చల్లటి నీళ్ళు పోస్తే సరి. పిండితో వచ్చే సమస్య దీనికి లేదు, వేడి తగిలినా గుణం మారదు. బాగా చిక్కగా కలిపి ఫ్రిజ్‌లో పెడితే మాత్రం అడుగున స్ఫటికాలు కట్టేస్తుంది.

గంటకు 30 గ్రాములు దాటితే ఇబ్బంది మొదలవ్వచ్చని గుర్తుంచుకోండి. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో సైక్లిస్టులకు గంటకు 63 గ్రాములు ఇచ్చి, ఫ్రక్టోజ్, మాల్టోడెక్స్‌ట్రిన్ కలిపిన పానీయంతో పోల్చారు. ఐసోమాల్టులోజ్ తాగినప్పుడు కడుపులో ఇబ్బంది పెరిగింది, తొక్కే వేగం తగ్గింది. ఈ ఒక్క ఫలితం చాలు, "మంచిదే కదా, ఇంకొంచెం వేసుకుందాం" అనే అలవాటును ఆపడానికి.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఒక పెద్ద ప్రమాదం ఉంది. ఐసోమాల్ట్ అనే ఇంకో పదార్థం బేకరీ సామాన్ల విభాగంలో దొరుకుతుంది, కేకుల మీద గాజులాంటి అలంకారాలకు వాడతారు. ఐసోమాల్టులోజ్‌ను మళ్ళీ మార్చి చేసిన షుగర్ ఆల్కహాల్ అది. పేగు దాన్ని పూర్తిగా పీల్చుకోలేదు, ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి. దాన్ని 30 గ్రాములు బాటిల్‌లో వేసుకుని పరుగుకు వెళ్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ధర తక్కువగా కనిపిస్తే పేరు ఒక్కో అక్షరం చదవండి. లేబుల్ మీద చక్కెరల వరుసలో ఐసోమాల్టులోజ్ అంకె పెద్దగా కనిపిస్తే కంగారు పడకండి, రసాయనికంగా అది చక్కెరే.

మిగతావి

జపాన్ కంపెనీ గ్లికో తయారుచేసే క్లస్టర్ డెక్స్‌ట్రిన్‌ను కొందరు స్లో రిలీజ్ కింద అమ్ముతున్నారు. పెద్ద అణువు కావడంతో ద్రవం గాఢత పెద్దగా పెరగదు, కడుపులోంచి తొందరగా కిందికి దిగుతుంది, బరువనిపించదు. గుణం మంచిదే. అయితే అది తేలిక పానీయం, స్లో కార్బ్ అని కొంటే నిరాశే. జిమ్ సామాన్ల దుకాణాల్లో "వ్యాక్సీ మెయిజ్" అని పెద్ద సంచుల్లో అమ్మే పిండి ఇంకో చిక్కు. యూకాన్ పిండి కూడా వ్యాక్సీ మొక్కజొన్నదే, పైగా తేమ, వేడితో మార్చినది. సంచిలో ఉన్నది మార్చనిది. ఒకటి చవక అని రెండోదానికి బదులు వాడితే అదే ఫలితం రాదు.

రాగి జావ సంగతి చాలామంది అడుగుతారు. రాగుల్లో పీచు, కాల్షియం ఉన్నాయి, రోజూ తినడానికి మంచి ధాన్యం. కానీ మెత్తగా మరపట్టించి, పల్చగా ఉడికించి తాగే జావలో పిండి రేణువులు పగిలిపోయే ఉంటాయి. స్లో రిలీజ్ పౌడర్‌కు అది సమానం అనుకోవద్దు. పరుగుకు రెండు గంటల ముందు అలవాటైన తిండిగా తాగండి, బాగుంటుంది.

రేసు రోజు ఎలా పేర్చుకోవాలి

హైదరాబాద్ మారథాన్‌నే తీసుకుందాం. ఆగస్టు నెలాఖరులో ఒక ఆదివారం, తెల్లవారుజామున పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. ఫ్లైఓవర్ల ఎత్తుపల్లాలు వరసగా వస్తాయి, గాలిలో తేమ ఎక్కువ. 65 కిలోలుండి నాలుగున్నర గంటలు లక్ష్యంగా పెట్టుకున్నవాళ్ళు రెండు గంటల ముందు మూడు ఇడ్లీలు తినాలి, కొబ్బరి చట్నీ లేకుండా. కొవ్వు ఉంటే కడుపు ఖాళీ కావడం ఆలస్యమవుతుంది. ముప్పావు గంట ముందు పిండి పౌడర్ 30 గ్రాములు లేదా ఐసోమాల్టులోజ్ 30 గ్రాములు, ఏదో ఒక్కటే. మొదటి ముప్పావు గంట నీళ్ళు, ఉప్పుతో నడిపించాలి. ఆ తర్వాత ప్రతి అరగంటకు 25 గ్రాముల కార్బ్ ఉన్న మామూలు జెల్, దానితో 150 మిల్లీలీటర్ల నీళ్ళు. గంటకు 50 గ్రాములు అందుతుంది.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. జెల్స్‌తో పాటు బెల్టులో స్లో కార్బ్ బాటిల్ కూడా పెట్టుకుని, రెండూ తాగుతూ పోతారు. ఇరవై అయిదో కిలోమీటరుకు కడుపు ఉబ్బి, ఆపైన జెల్ కూడా లోపలికి పోదు. 30 కిలోమీటర్ల తర్వాత స్లో కార్బ్ అసలు ముట్టుకోవద్దు. అప్పుడు తాగినదాంట్లో చాలా భాగం మెడల్ మెడలో పడ్డాకే పనికొస్తుంది.

200 కిలోమీటర్ల బ్రెవే వేరే కథ. సమయ పరిమితి 13 గంటల 30 నిమిషాలు. వేగం మధ్యస్థం, దారిలో ఆగి తినే వీలుంది. అక్కడ ఐసోమాల్టులోజ్ బాటిల్ గంటకు ఒకటి చొప్పున, మధ్యలో అరటిపండు, ఇడ్లీ, పెరుగన్నం పెట్టుకుంటే షుగర్ పెద్దగా ఎగిరిపడకుండా సాగుతుంది. ఈ సరుకుకు మా దృష్టిలో అన్నిటికంటే తగిన చోటు ఇదే.

షుగర్ ఉన్న రన్నర్లకు

నలభై దాటాక పరుగు మొదలుపెట్టినవాళ్ళలో షుగర్ మందులు వాడేవాళ్ళు మన ఊళ్ళలో చాలామందే ఉన్నారు. స్లో కార్బ్ కాబట్టి క్షేమం అనుకునే ముందు మాత్ర పేరు చూసుకోవాలి. వోగ్లిబోస్, అకార్బోస్ అనేవి పేగులో పిండినీ చక్కెరనూ విడగొట్టే ఎంజైములను అడ్డుకునే మందులు. వోగ్లిబోస్‌ను గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్‌తో కలిపి ఒకే మాత్రగా ఇవ్వడం ఇక్కడ మామూలు. వీటి మీద ఉండి ఐసోమాల్టులోజ్ గానీ, పిండి పౌడర్ గానీ తాగితే అరగకుండా పెద్దపేగుకు చేరి గ్యాస్, విరేచనాలు వస్తాయి.

అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి. గ్లిమెపిరైడ్ లేదా ఇన్సులిన్ వల్ల పరుగులో షుగర్ పడిపోతే స్లో కార్బ్ కాపాడదు, దాని స్వభావమే నెమ్మది. వోగ్లిబోస్ కూడా ఉంటే మామూలు చక్కెర, బిస్కెట్ కూడా సమయానికి పనిచేయవు. ప్లెయిన్ గ్లూకోజ్ పొడి, పదార్థాల జాబితాలో డెక్స్‌ట్రోజ్ అని ఉన్నది, జేబులో ఉండాలి. 15 గ్రాములు తీసుకుని, కూర్చుని, 15 నిమిషాల తర్వాత మళ్ళీ చూసుకోవాలి. రేసుకు ముందు మాత్రల సమయం గురించి డాక్టరుతో మాట్లాడకుండా ఏ పౌడరూ మొదలుపెట్టవద్దు.

పరుగయ్యాక

"స్లో రిలీజ్ రికవరీ" అన్న డబ్బాలను జాగ్రత్తగా చూడాలి. పరుగయ్యాక కండరాల్లో నిలవ తొందరగా నింపుకోవాల్సిన అవసరం ఎప్పుడొస్తుందంటే, ఎనిమిది గంటల్లోపే మళ్ళీ గట్టి సెషన్ ఉన్నప్పుడు. అప్పుడు మొదటి నాలుగు గంటలు కిలోకు గంటకు 1 నుంచి 1.2 గ్రాముల కార్బ్, అదీ తొందరగా అరిగేది కావాలి. స్లో కార్బ్ అక్కడ సరిగ్గా తప్పు సరుకు. మళ్ళీ మర్నాడే పరుగైతే రోజు మొత్తం తిన్నది సరిపోతే చాలు. అన్నం, పప్పు, పెరుగు, ఒక గుడ్డు ఆ పని చేస్తాయి.

నెమ్మదితనం పనికొచ్చేది ప్రోటీన్‌లో. మైసెల్లార్ కేసిన్ అనే పాల ప్రోటీన్ కడుపులోని ఆమ్లం తగలగానే పెరుగు తోడుకున్నట్టు గడ్డకట్టి, గంటల తరబడి అమైనో ఆమ్లాలు వదులుతుంది. పడుకునే ముందు 40 గ్రాములు తీసుకుంటే రాత్రంతా కండరాల నిర్మాణం పెరుగుతుందని 2012లో చూపించారు. లేబుల్ మీద సోడియం కేసినేట్ అని ఉంటే అది అలా గట్టిగా తోడుకోదు. అడగాల్సింది మైసెల్లార్ కేసిన్. దీన్ని కలిపేటప్పుడు నీళ్ళు తక్కువైతే నిమిషాల్లో హల్వాలా చిక్కబడుతుంది, 30 గ్రాములకు కనీసం 300 మిల్లీలీటర్లు పోయాలి.

ఇంతకీ అందరూ కొనాలా? పాల ప్రోటీన్‌లో 80 శాతం కేసినే. 50 గ్రాముల వెన్న తీసిన పాలపొడిలో 17, 18 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. వారానికి 40, 50 కిలోమీటర్లు పరిగెత్తేవాళ్ళకు రాత్రి ఆ పాలు చాలు. పన్నీరుతో 40 గ్రాములు తెచ్చుకోవాలంటే 200 గ్రాములకు పైగా తినాలి, దాంతో వచ్చే కొవ్వు నిద్రకు ముందు బరువు. వారానికి 80 కిలోమీటర్లు దాటినవాళ్ళు, ఐరన్‌మ్యాన్ శిక్షణలో ఉన్నవాళ్ళు మాత్రమే డబ్బా గురించి ఆలోచించాలి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 ఆహార మార్గదర్శకాల్లో ప్రోటీన్ పౌడర్లు మానుకోమనే చెప్పింది. మూత్రపిండాల సమస్య ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా వీటి జోలికి పోవద్దు.

బీటా అలనైన్ అనే అమైనో ఆమ్లం స్లో రిలీజ్ మాత్రల గురించి రెండు మాటలు. మామూలు పొడి 800 మిల్లీగ్రాములు దాటితే ముఖం, చేతులు చిమచిమలాడతాయి. స్లో రిలీజ్ రూపం ఆ చిమచిమను తగ్గిస్తుంది, అంతవరకు నిజం. అయితే ఈ పదార్థం పనిచేసేది ఒకటి నుంచి నాలుగు నిమిషాల గట్టి ప్రయత్నాల్లో. మారథాన్‌కు కొనాల్సిన పనిలేదు.

ఐరన్ మాత్రల్లో మాత్రం స్లో రిలీజ్ అన్న మాట చూస్తే వెనక్కి పెట్టేయండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. పరిగెత్తే మహిళలకు ఈ అవసరం ఎక్కువే. ఐరన్ పీల్చుకునేది చిన్నపేగు మొదటి భాగంలో. పొర నెమ్మదిగా కరిగే మాత్ర ఆ భాగం దాటాక ఐరన్ వదులుతుంది, కడుపు నొప్పి తగ్గుతుంది గానీ ఒంటికి పట్టేది కూడా తగ్గుతుంది. ముందు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిలవను చూపేది) పరీక్ష చేయించండి. తక్కువుంటే డాక్టరు చెప్పిన మామూలు మాత్రను రోజు విడిచి రోజు వేసుకోవడం గురించి అడగండి. మాత్రకు అటూ ఇటూ గంటసేపు టీ, కాఫీ వద్దు, నిమ్మరసం మంచిది.

కొనేటప్పుడు

ధరను డబ్బా మీద చూడకండి, 30 గ్రాముల కార్బ్‌కు ఎంత పడుతుందో లెక్కేయండి. ఫ్లేవర్, విటమిన్లు, రంగు కలిపిన డబ్బాలో సగం బరువు వేరేవాటిదే కావచ్చు. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి. దిగుమతి సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా స్టిక్కర్ కూడా. రాష్ట్ర, జాతీయ స్థాయిలో పోటీపడేవాళ్ళు నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) డోప్ పరీక్షకు లోబడి ఉంటారు. కలుషితమైన సప్లిమెంట్ వల్ల పాజిటివ్ వచ్చినా బాధ్యత ఆటగాడిదే. వాళ్ళు ఇన్‌ఫార్మ్డ్ స్పోర్ట్ (నిషేధిత పదార్థాల కోసం బ్యాచ్‌లవారీగా పరీక్షించే సంస్థ) గుర్తు ఉన్న బ్యాచ్ మాత్రమే కొని, ఆ బ్యాచ్ నంబరును ఆ సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవాలి. గుర్తు డబ్బా మీద ఉండటం ఒకటే చాలదు.

మొదట చిన్న ప్యాకెట్ తీసుకోండి. రేసుకు కనీసం ఆరు వారాల ముందు మొదలుపెట్టి, మొదటిసారి 15 గ్రాములతో గంట పరుగులో చూడండి, తర్వాత 30 గ్రాములతో రెండు గంటల పరుగులో, ఆపైన రేసు పేసులో. ఎండగా ఉన్న రోజు ఒకసారైనా పరీక్షించాలి. చలికాలం పొద్దున ఇబ్బంది పెట్టని పౌడరే వేడికి రక్తం చర్మానికి మళ్ళినప్పుడు కడుపులో కదలకుండా కూర్చోవచ్చు.